సామర్లకోటలో దిగి... సంద్రందాకా!

చిన్న విమానంలో అడవి మధ్య దిగి, గాలమేసి కూర్చోవడం అలాస్కాలో మామూలే. మన గోదావరి సీమలో అలాంటి ఏకాంతం కావాలంటే విమానం మధురపూడి దాకానే. ఆపైన రోడ్డు, పడవ. రైల్లో వచ్చేవాళ్లు సామర్లకోట జంక్షన్లో దిగి, చాళుక్య భీముడు కట్టించిన భీమేశ్వరాలయం చూసుకుని బయల్దేరొచ్చు. కాకినాడ సుమారు 15 కిలోమీటర్లే.

అది దాటితే కోరంగి. 1978లో అభయారణ్యమైన ఈ మడ అడవుల విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లు. పండుగప్ప, రొయ్య, పీత పిల్లలు పెరిగేది ఈ వేళ్ల నీడలోనే. అందుకే గాలం సంచిలోంచి తీసేముందు అటవీశాఖను అడగాల్సిందే.

ఇక ఎప్పుడు వెళ్లాలి? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలకు సముద్రంలో వేట నిషేధం. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవును ఊడ్చేసింది. 1996 నవంబరు 6 నాటి తుపానులో వేటకెళ్లిన మత్స్యకారులెందరో తిరిగి రాలేదు.

జనవరి, ఫిబ్రవరి మేలు. హోప్ ఐలండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లుపెట్టే రోజులూ అవే. పోటు మీదుంటేనే చిన్న పాయల్లో పడవ సాగుతుంది, ఆటులో బురదే మిగులుతుంది. బయల్దేరే వేళ మాత్రం పడవవాళ్లు చెప్పిందే ఖాయం.