బొంగురు నాదము

తంబురా శ్రుతి చేయువారు గుఱ్ఱమనబడు చెక్కపై తీగల క్రింద సన్నని నూలుపోగు నుంచి, దానిని మెల్లగా ముందునకు వెనుకకు జరుపుదురు. పోగు సరియైన చోట నిలిచినంతనే తీగ ఝుమ్మని పలుకును. దానిని జీవ యందురు. ఎలక్ట్రిక్ గిటారునకు ఇట్టి మార్పునే, మిక్కిలి మోటుగా, కలిగించు చిన్న పెట్టె యొకటి కలదు. దాని పేరు ఫజ్ పెడల్.

ఈ నాదమును మొదట ఎవరును కోరలేదు. అమెరికాలోని నాష్‌విల్ నగరమున మార్టీ రాబిన్స్ పాట యొకటి రికార్డు చేయుచుండగా, గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు ధ్వని యంత్రలోపము వలన బొంగురుపోయి తుమ్మెదల రొదవలె వినవచ్చెను. మరల వాయించుట ఎంతసేపు? అయినను దానిని అట్లే ఉండనిచ్చిరి. 1961లో వెలువడిన ఆ పాట జనాదరణ పొందెను. ఇతరులును ఆ ధ్వని కావలెనని వచ్చిరి గాని, అప్పటికి ఆ యంత్రభాగము పూర్తిగా చెడి మూగవోయినది. బాగుచేసినచో ఆ ధ్వని రాదు. చేయకున్నచో ఏ ధ్వనియు రాదు! అప్పుడు ఇంజనీరు గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్స్ అను మఱియొక ఇంజనీరుతో కలిసి, ఆ లోపమును ట్రాన్సిస్టర్లతో బుద్ధిపూర్వకముగా నిర్మించెను. గిబ్సన్ సంస్థ దానిని 1962లో మాయెస్ట్రో ఫజ్‌టోన్ అను పేర అమ్మకమునకు పెట్టినది. తొలుత కొనువారు అరుదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందమువాడగు కీత్ రిచర్డ్స్ 'సాటిస్‌ఫ్యాక్షన్' పాటలో దానిని వాడెను. ఆ వరుసను పిదప బూరలచేత పలికింపవలెనని ఆయన తలంపు. పాట అట్లే వెలువడినది. అంగళ్లలో పెట్టెలు మిగులలేదు.

పెట్టెలో జరుగు పని చిత్రమైనది. తీగనుండి వచ్చు విద్యుత్తరంగమును అది మితిమీరి పెంచును. పెరుగుటకు చోటు చాలక తరంగ శిఖరములు గొడ్డలితో నఱికినట్లు చదునగును. అందువలన క్రొత్త అనుస్వరములు పుట్టును. స్వరము సన్నగిల్లుచున్నను చెవికి చాలసేపు ఒకే బిగువుతో వినిపించును.

1966లో ఇంగ్లండులో వచ్చిన ఫజ్ ఫేస్ పళ్లెమువలె గుండ్రనిది. జిమీ హెండ్రిక్స్ చేతులలో, కాదు, కాలిక్రింద, అది ప్రసిద్ధి కెక్కినది. లోపల రెండే ట్రాన్సిస్టర్లు. పళ్లెములో అధికభాగము ఖాళీయే. డన్‌లప్ సంస్థ 2013లో దానినే అరచేతి పరిమాణమునకు కుదించినది.

ఇట్టి పెట్టెను క్రొత్తగా కొన్నవాడు మొదటి దినమున మీటలన్నియు చివరకంట త్రిప్పును. ఇంటివారు తలుపులు మూయుదురు. క్రమముగా వాడు రెండు సంగతులు గ్రహించును. షడ్జ పంచమములను కలిపి మీటిన బలముగా నుండును. గాంధారము చేరినచో అంతయు కలగాపులగము. రెండవది ముఖ్యము: ఫజ్ ఫేస్ వంటివానిలో గిటారు మీది ధ్వనిమీటను కొంచెము తగ్గించినంతనే గరగర తొలగి తేటదనము వచ్చును. పెట్టెను తాకనక్కఱలేదు. అయితే ఇది జరుగవలెనన్న గిటారు నుండి వచ్చు తీగ నేరుగా పెట్టెలోనికే పోవలెను. నడుమ మఱియొక పరికరముండిన ఈ గుణము చెడవచ్చును.

జెర్మేనియం ట్రాన్సిస్టర్లకు వేడి పడదు. రోహిణికార్తెలో తెలుగునాట వీనిని వాడువారు, తెల్లవాఱుజామున తీయగా పలికిన పెట్టె మధ్యాహ్నము తడబడినను కంగారు పడరాదు. నీడపట్టున ఉంచిన చాలును. సిలికాన్ వానికి ఈ బాధ తక్కువ గాని, గొంతు కొంత కఱకు. బ్యాటరీతో పనిచేయు పెట్టెలలో తీగ గ్రుచ్చియున్నంతవఱకు విద్యుత్తు ఖర్చగుచునే యుండును. కనుక వాయించుట ముగియగానే దానిని ఊడదీసి, చుట్టచుట్టి ప్రక్కన పెట్టుదురు.