టేపు మీద మారుమోగే గొంతు

గొంతుకి ఎకో కలపాల్సి వచ్చినప్పుడల్లా నా మనసు పాత టేపు మెషీన్ల వైపే లాగుతుంది. 1974లో రోలాండ్ కంపెనీ తెచ్చిన ఆర్‌ఈ-201 స్పేస్ ఎకోనే తీసుకోండి. లోపల గుండ్రంగా తిరిగే టేపు, రికార్డింగ్ హెడ్ ఒకటి, ప్లేబ్యాక్ హెడ్లు మూడు. టేపుకెక్కిన మాట ఒక్కో హెడ్ దగ్గరికి చేరడానికి పట్టే సమయమే మనం వినే ఆలస్యం. ఆ శబ్దాన్నే మళ్లీ రికార్డింగ్‌కి పంపితే మారుమోగుతూనే ఉంటుంది. ప్రతి విడతకీ పదును కాస్త అరిగి, గొంతు మెత్తబడుతుంది. టేపు వేగం ఏమాత్రం చెదిరినా స్వరం సన్నగా వణుకుతుంది. ఆ వణుకంటే నాకు ప్రాణం.

జమైకాలో, కింగ్‌స్టన్‌లోని బ్లాక్ ఆర్క్ స్టూడియోలో రెగే నిర్మాత లీ పెర్రీ ఈ పెట్టెను ఒక వాద్యంలాగే వాయించాడు. శబ్దం ఎంత మళ్లీ రికార్డింగ్‌కి వెళ్లాలో తేల్చే ఇంటెన్సిటీ నాబ్‌ని హద్దు దాటిస్తే ఎకో తగ్గడం మాని తనమీద తానే పెరుగుతూ హోరెత్తిపోతుంది. దాన్ని ఎప్పుడు ఎగదోయాలో, ఎప్పుడు కట్టేయాలో తెలియడమే అసలు విద్య.

ఇప్పుడు అదంతా ప్లగిన్లలో దొరుకుతోంది. అయినా పాటంతటికీ పులమడం నాకు నచ్చదు. చరణం చివరి మాటను మాత్రమే ఎకోకి పంపుతాను. ఆలస్యాన్ని టెంపోకి అతికించకుండా, చెవికి నచ్చేదాకా చేత్తోనే తిప్పుతాను.