రెండూ పది మెగాపిక్సెళ్లే

మా ఇంట్లో రెండు చిన్న కెమెరాలున్నాయి. రెండూ పానసోనిక్‌వే, రెండూ పది మెగాపిక్సెళ్లవే: ఎల్‌ఎక్స్3, జెడ్‌ఎస్3. ఏది కొనాలని అడిగే మిత్రులందరికీ కలిపి ఈ జవాబు.

జెడ్‌ఎస్3కి 12 రెట్ల జూమ్. చెట్టుకొమ్మ మీది పిట్టని దగ్గరికి లాక్కొస్తుంది. ఎండ ఉన్నంతసేపూ దానికి తిరుగులేదు. పొద్దుపోయాక ఇంట్లో తీస్తే మాత్రం ఫ్లాష్ వెయ్యాలి, లేదంటే కాస్త కదిలినా బొమ్మ అలుక్కుపోతుంది.

ఎల్‌ఎక్స్3 జూమ్ రెండున్నర రెట్లే. కానీ దాని లెన్సు ఎఫ్2.0 దాకా తెరుచుకుంటుంది, జెడ్‌ఎస్3ది ఎఫ్3.3 దగ్గరే ఆగిపోతుంది. వినడానికి చిన్న తేడానే, లెక్క వేస్తే రెండున్నర రెట్లకు పైగా ఎక్కువ వెలుతురు. పైగా సెన్సరు కూడా పెద్దది.

ఆరు నెలలకని ఇండియా నుంచి అమ్మ వచ్చింది. ఫ్లాష్ మెరిస్తే చాలు, కళ్లు మూసేస్తుంది. జెడ్‌ఎస్3లో ఇంట్లో తీసిన ఫొటోలన్నిట్లోనూ అమ్మ నిద్రపోతున్నట్టే ఉంటుంది. సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెడుతుంటే, ఫ్లాష్ లేకుండా ఆ వెలుగులోనే ఎల్‌ఎక్స్3తో తీశాను. కళ్లు తెరిచి ఉన్నాయి, నుదుటి ముడతలు కూడా కనిపిస్తున్నాయి.

ఊళ్లు తిరిగేవాళ్లు జెడ్‌ఎస్3 కొనుక్కోండి. ఇంట్లోవాళ్ల కోసమైతే ఎల్‌ఎక్స్3. అమ్మ తిరుగు ప్రయాణం వచ్చే నెలే. అందాకా నా చేతిలో ఉండేది అదే.