నిషాన్ మీద కుక్క

మా నిజాంసాగర్‌కి ఎక్కువ దూరం లేని పోచారం అడవి ఒకప్పుడు నిజాం షికార్‌గాహ్. 1952లో అభయారణ్యం అయింది. ఆ షికార్ల గురించి చదువుతుంటే ఒక అంగ్రేజీ వేటకుక్క తగిలింది. టాల్బట్. తెల్లటి ఒళ్లు, వేలాడే చెవులు. ఆ జాతి ఎప్పుడో ఖతం అయింది. కానీ ష్రూస్‌బరీ ఎర్ల్‌ల ఖాందానీ నిషాన్‌లో డాలుకి అటొకటి ఇటొకటి నేటికీ నిలబడే ఉన్నాయి. ఆ ఖాందాన్ పేరు కూడా టాల్బట్టే.

బొమ్మ చూపిస్తే మా బిడ్డ, "నిషాన్ మీద కుత్తానా అబ్బా? ఛీ!" అంది. ఆసఫ్‌జాహీ జెండా మీద కుల్చా ఉండేదంటే నవ్వి ఒప్పుకుంది. కుక్కని మాత్రం ఒప్పుకోలేదు.

ఎట్లా ఒప్పుకుంటుంది? ఇళ్లల్లో నజాసత్ మాట ఒక్కటే చెప్తాం. సూరె మాయిదా నాలుగో ఆయత్ చెప్పం. అల్లాహ్ పేరు తీసుకుని వదిలితే, తర్బియత్ ఇచ్చిన వేటజంతువు మన కోసం పట్టింది హలాల్. అక్కడి 'ముకల్లిబీన్' అన్న లఫ్జ్ పుట్టిందే 'కల్బ్' నుంచి, అంటే కుక్క నుంచి. అస్‌హాబె కహఫ్ గుహ గడప దగ్గర ముందుకాళ్లు చాపుకున్న కుక్క కూడా ఖురాన్‌లోనే ఉంది. ఉర్దూలో వేటకుక్కకి 'తాజీ' అని పేరు. మేలైన అరబ్బీ గుర్రాన్నీ అదే మాటతో పిలుస్తారు, అంత అదబ్! ఉర్దూ మీడియంలో చదివిన నాకే ఆ మాట లుగత్‌లో తప్ప ఎక్కడా వినపడలేదు.

ఇంట్లో పెంచుకోమనట్లేదు జనాబ్, ఆ మసాయిల్ ఉలమా చెప్తారు. పాకీ నాపాకీ వేరు, నఫ్రత్ వేరు. దాహంతో ఉన్న కుక్కకి నీళ్లు తాగించిన మనిషికి మగ్ఫిరత్ దొరికిందన్న హదీసు జల్సాల్లో వింటాం. జల్సా నుంచి బయటికొచ్చిన పిల్లలు గల్లీ కుక్క మీద రాళ్లు వేస్తారు.

ఈ ఎండలకి మా గేటు బయట మట్టి చిప్ప ఒకటి పెట్టాను. బిడ్డ ముక్కు మూసుకునైనా రోజూ నీళ్లు పోస్తోంది.