మా బాతుపిల్లలు

గడచిన వర్షాకాలమున మునేటి యొడ్డుననున్న మా మేనమామగారి గ్రామమునుండి 10 బాతుగ్రుడ్లను గంపలో ఊకపోసి భద్రపఱచి, నందిగామ మీదుగా జగ్గయ్యపేటకు దెచ్చి పొదుగుకోడి క్రింద నుంచితిమి. తన గ్రుడ్లైనచో 21 దినములకే లేవదగిన యా కోడి 28 దినములు కదలక కూర్చుండి 7 పిల్లలను లేపెను. నాల్గవ దినమున దానిని బావురుపిల్లి యెత్తుకొనిపోయెను.

తల్లిలేని పిల్లలను వంటయింటి మూల పొయ్యివెచ్చదనమున నుంచితిమి. అవి నీరుచిమ్మి నేలయెల్ల తడుపుచుండుటచే మా తల్లిగారు విసిగిరి. మాకును తొందర గలిగెను. రెండవ వారము ముగియకమునుపే పెరటిలో తడికలుకట్టి యందు విడిచితిమి.

“పసిగుడ్లురా, చలికి తాళవు” అని నాయనమ్మ యనగా, “బాతులు నీటిపక్షులు గదా! వాన వాని నేమిచేయును?” అని నవ్వితిమి.

ఆ రాత్రి జడివాన కురిసెను. తెల్లవారునప్పటికి రెండు చనిపోయియుండెను. తక్కినవి యొకదానిపై నొకటి పడి వణకుచుండెను.

నూగుతోనున్న పిల్ల యీదగలదు గాని తడిసినచో చలికి లోబడుననియు, రొమ్మునను పొట్టను ఈకలు నిండి, తోకమొదటి నూనెగ్రంథి చక్కగా పనిచేయువరకు దానికి కాపు వలయుననియు మా శాస్త్రోపాధ్యాయులు పిమ్మట దెలిపిరి. పిల్లలను బయటి కంపవలసిన దినమును మన విసుగు నిర్ణయింపరాదు. వాని యీకలే నిర్ణయింపవలెను.

మిగిలిన యైదింటిని మరల పొయ్యియొద్దకు జేర్చితిమి. ఆఱవ వారమున ఈకలు నిండగా, మొదట పగటియెండలో విడిచి సాయంకాలము లోనికి దెచ్చుచు, కొన్నిదినములైన పిదప మిట్టనేలపై తాటాకుకప్పు వేసి, తలుపు బిగించిన గూటిలో నుంచితిమి. ఆ రాత్రియు వాన కురిసెను. నాయనమ్మతో గూడ లాంతరు పట్టుకొని పోయి చూచితిమి. ఐదును తలలు రెక్కలలో దాచుకొని నిదురించుచుండెను.