పది మీటర్ల లోపల

జూన్ 2, 2025
పొద్దున్నే బ్లూటూత్ స్పీకర్ ఆన్ చేస్తే పక్కింటి ఫోన్ తగులుకునింది. పోయిన నెల పుట్టినరోజుకు స్పీకర్ వాళ్లకిచ్చింటిమి. అది మర్చిపోలా. గోడకవతల ఎవరో స్టేటస్‌లు చూసుకుంటా ఉండారు. మా వంటింట్లో ఒక పెళ్లి మేళం, ఒక సంతాపం, మదనపల్లె టమోటా రేటు.

జూన్ 3
రేషన్ వ్యాన్లు పోయినాయి. మళ్లీ షాపులోనే. కాటాకూ ఈపోస్ మిషన్‌కూ నడుమ బ్లూటూత్. రెండూ ఒకే బల్ల మీద, జానెడు దూరం. కలవలా. డీలరు మిషన్‌ను ఎత్తి కాటా మీదే పెట్టినాడు. కాటా దాని బరువు చూపించింది. కలవలా.
వెనక ముసలామె: "కొంచేపు ఇడిసిపెట్టు నాయనా, మొగుడూ పెండ్లాలు మాదిరి ఉండాయి."
ఇడిసిపెట్టినాడు. కలిసినాయి.

జూన్ 7
బ్లూటూత్ అనే పేరు డెన్మార్క్ రాజు హరాల్డ్‌ది. పదో శతాబ్దం. పుచ్చిన పన్ను నీలంగా ఉండేదంట. 1997లో ఇంటెల్ ఇంజనీరు జిమ్ కార్డాక్ తాత్కాలికంగా అనుకున్న పేరు.
మా వీధి కొళాయికి తాత్కాలికంగా కట్టిన తాడు ఇంకా ఉండాది.

జూన్ 8
బ్లూటూత్‌కు 79 చానళ్లు. సెకనుకు 1600 సార్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతుందంట, ఎవరికీ అడ్డం పడకుండా.
మదనపల్లె బస్సులో ఒకాయన. కిటికీ పక్కన ఎండ. వెనక సీటు కుదుపు. ముందుకు పోతే డ్రైవర్ పాటలు. పుంగనూరు వచ్చేసింది.

జూన్ 11
చిన్నాయన మామిడి తోట. కౌండిన్య అడవి అంచు. ఏనుగులొస్తే ఫోన్‌లో పులి గాండ్రింపు, చెట్టుకు కట్టిన స్పీకర్‌లో.
"ఎంత దూరం నుంచి పనిచేస్తుంది చిన్నాయనా?"
"పది మీటర్లు."
"ఏనుగులు యాడుంటాయి అప్పుడు?"
కాయ కోసి ఉప్పుకారం అద్ది ఇచ్చినాడు.

జూన్ 12
రాత్రి వచ్చినాయంట. గాండ్రింపు పెట్టేలోగా ఆయనకు ఎవరో ఫోన్ చేసినారు. స్పీకర్‌లో రింగుటోను, గోవిందనామాలు. ఏనుగులు తిరుక్కోని పోయినాయి.
ఫోన్ చేసింది బ్యాంకు లోను వాళ్లు.

జూన్ 15
అవ్వ చెవి మిషన్ కనపళ్లా. ఫోన్‌లో చూస్తే 'దగ్గర్లోనే ఉంది' అంటుంది. ఇల్లే ఇంత. పోయిన సెప్టెంబరులో వచ్చిన బ్లూటూత్ 6.0లో దూరం కూడా కొలుస్తుందంట, మూరెడు అటూఇటూగా. అది మా ఇంటిదాకా రావల్ల.
రాగిపిండి డబ్బాలో దొరికింది.
"నువ్వే పెట్టినావా అవ్వా?"
"సంగటి పొద్దునే అయిపోయె" అనింది.