ఇన్‌క్రెడ్యులస్ – అశ్రద్దధానుడు

ఆంగ్లభాషలో ‘ఇన్‌క్రెడ్యులస్’ అనే విశేషణం ఒకటి ఉన్నది. విన్నదానిని గాని, కన్నదానిని గాని నమ్మజాలని వ్యక్తి మనఃస్థితిని అది తెలుపుతుంది. దాని సోదరపదమైన ‘ఇన్‌క్రెడిబుల్’ నమ్మశక్యం కాని విషయాన్ని తెలుపుతుంది. మొదటిది వినేవానికి, రెండవది వినబడిన దానికి విశేషణం. కథ ఇన్‌క్రెడిబుల్ అయితే శ్రోత ఇన్‌క్రెడ్యులస్ అవుతాడు.

నిత్యవ్యవహారంలో రెండవ పదం ప్రశంసగా పరిణమించింది. 2002లో పర్యాటక మంత్రిత్వశాఖ ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా’ అని ప్రచారం ప్రారంభించినప్పుడు, దానిని ‘నమ్మరాని భారతదేశం’ అని ఎవరూ అర్థం చేసుకోలేదు. స్వామివారి పుష్పాలంకారం చూచి యువభక్తులు అనే మాట కూడా అదే. మొదటి పదం మాత్రం తన అవిశ్వాసార్థాన్ని విడువలేదు.

ఈ పదం మనకు పరాయిది కాదు. లాటిన్‌లో ‘క్రేదో’ అంటే నమ్ముతున్నాను అని అర్థం. ఆ ధాతువూ, మన ‘శ్రద్ధ’ అనే పదమూ ఏకమూలజన్యాలని భాషాశాస్త్రవేత్తలు నిర్ణయించారు. వైదిక నిఘంటువు ‘శ్రత్’ అనే పదాన్ని సత్యనామాలలో పఠించింది. సత్యమునందు హృదయాన్ని నిలుపుట శ్రద్ధ. అక్కడి ‘ఇన్’, ఇక్కడి ‘అ’ రెండూ నిషేధార్థకాలే, సగోత్రాలే. కాబట్టి ఇన్‌క్రెడ్యులస్ అనే పదానికి అతి సమీపమైన సంస్కృతపదం గీతలోని ‘అశ్రద్దధానుడు’.

ఇక్కడ ఒక శంక కలుగుతుంది. చతుర్థాధ్యాయం 40వ శ్లోకంలో భగవానుడు అశ్రద్దధానుని నిందించాడు. అయితే అదే అధ్యాయంలో 34వ శ్లోకంలో ప్రణిపాతంతో, సేవతో పాటు పరిప్రశ్నను జ్ఞానసాధనంగా ఉపదేశించాడు. నమ్మలేనివాడు కాక మరెవరు ప్రశ్నిస్తారు?

కొంతకాలం క్రిందట ఒక గృహస్థు తీవ్ర అస్వస్థులై ఆసుపత్రిలో ఉండగా, వారి ధర్మపత్ని మృత్యుంజయ జపం చేయించమని కోరారు. కుమారులు ఇద్దరు. పెద్దవాడు విదేశం నుండి ఫోను చేసి, “అంతా మీ దయ, పంతులుగారూ, ఎంతైనా పంపుతాను” అన్నాడు. మంత్రమేమిటో, ఎన్ని దినాలో అడగలేదు, రాలేదు. చిన్నవాడు ఎదుట నిలిచి, కనుబొమలు ముడిచి, “జపంతో జబ్బు తగ్గుతుందా అండీ?” అన్నాడు. అచ్చంగా ఇన్‌క్రెడ్యులస్ చూపు అది.

“మందులు ఆపవద్దు నాయనా. జపం వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు” అన్నాను.

అతడు ఉదయం జపస్థలంలో తల్లి ప్రక్కన కూర్చుని, అటునుండి ఆసుపత్రికి వెళ్ళేవాడు. పదకొండు దినాలూ ప్రతి పదానికీ అర్థం అడిగాడు. పండిన దోసపండు తొడిమ నుండి విడివడే ఉపమానం చెప్పినప్పుడు చాలాసేపు మౌనంగా ఉండి, “అయితే ఇది చావు రాకూడదనే ప్రార్థన మాత్రమే కాదన్నమాట” అన్నాడు. అనేక సంవత్సరాల నా అర్చకత్వంలో ఆ మంత్రాన్ని అంత శ్రద్ధగా విన్నవారు అరుదు. తండ్రిగారు ఇల్లు చేరిన పిమ్మట, “వైద్యుల చికిత్స వల్లనే” అన్నాడు. నేను కాదనలేదు.

వీరిలో అశ్రద్దధానుడు ఎవరు? తెలుగులో మనం ‘అశ్రద్ధ’ అనే పదాన్ని ఉపేక్ష, నిర్లక్ష్యం అనే అర్థంలో వాడుతాము. ఆరోగ్యం పట్ల అశ్రద్ధ, చదువు పట్ల అశ్రద్ధ అంటాము. ఇది అర్థభ్రంశమని పండితులు కొందరు అంటారు. నాకు మాత్రం మన జనవ్యవహారం లోతైన విషయాన్నే పట్టుకున్నదని తోస్తుంది. పెద్దవాని నోట విశ్వాసం ఉన్నది, నడతలో అశ్రద్ధ ఉన్నది. చిన్నవాని నోట అవిశ్వాసం ఉన్నది, నడత అంతా శ్రద్ధయే.

కనుక మీ పిల్లలు మంత్రం గురించి గాని, దైవం గురించి గాని నమ్మలేని చూపుతో ప్రశ్నించినప్పుడు కోపగించవద్దు. ఆ చూపు ఇంకా మనవైపే ఉన్నది. భయపడవలసినది అది ప్రక్కకు తొలగిననాడు.

స్వస్తి.